కర్తను కోల్పోయిన మాట

వినాశాన్ని చెప్పే పదాలు ఏ భాషలోనైనా ఎక్కువగానే ఉంటాయి. మనిషి పొందిన సుఖాలకంటె పడిన కష్టాలకే అతడు ఎక్కువ పేర్లు పెట్టుకున్నాడనడానికి నిఘంటువులే సాక్ష్యం. అయితే ఈ పేర్లన్నీ ఒకే పని చేయవు. జరిగిన నష్టం ఎంతటిదో చెప్పడంతో పాటు, ఆ నష్టానికి కారణం ఎక్కడ వెతకాలో కూడా ప్రతి పదమూ చాటుగా సూచిస్తుంది. భాషా చరిత్రను పరిశీలించేవారికి ఈ సూచన ఆసక్తి కలిగిస్తుంది. పరిపాలనా బాధ్యత వహించేవారికి అది ఆసక్తిని మించినది కావాలి.

ఇంగ్లీషులో ఘోరమైన నష్టాన్ని చెప్పే మాటలలో కొన్నిటిని చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. ‘డిజాస్టర్’ అనే మాట 16వ శతాబ్దంలో ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. దాని గర్భంలో ఉన్నది నక్షత్రం. చుక్క అనుకూలించకపోవడమే ఆపద అని ఆ పదం భావం. తెలుగువారి ‘గ్రహచారం’ కూడా సరిగ్గా ఇదే చెబుతుంది. ‘కెటాస్ట్రఫీ’ గ్రీకు నాటకశాలనుంచి వచ్చిన మాట. కథ తలకిందులై ముగింపునకు చేరే ఘట్టానికి అది పేరు. ‘డివాస్టేషన్’ లాటిన్ పదం. శూన్యమై, జనం లేక బీడుపడిన నేల దాని మూలార్థం. మొదటిది ఆకాశాన్ని నిందిస్తుంది, రెండవది కథాగతిని చూపుతుంది, మూడవది మిగిలిన నేలను చూపి ఊరుకుంటుంది.

‘హావక్’ అనే మాట వీటిలో చేరదు. నేటి పత్రికా భాషలో అది తుపానులకూ, వరదలకూ, తెగుళ్లకూ, ఆఖరికి రైళ్ల రాకపోకల ఆలస్యాలకూ అతికే మాటగా మారింది. కాని పుట్టినప్పుడు అది నష్టానికి పేరు కానే కాదు. అది ఒక కేక. ఒక మనిషి తన నోటితో ఇతర మనుషులకు ఇచ్చిన ఆజ్ఞ.

మధ్యయుగాల ఐరోపా యుద్ధరంగంలో ఆ కేకకు నిర్దిష్టమైన అర్థం ఉండేది. పట్టణం చిక్కింది, లేదా శత్రువు వెన్ను చూపాడు. ఇక వరుసలు విడిచి ఎవరి చేతికి అందినది వారు దోచుకోవచ్చు అని దాని తాత్పర్యం. ప్రాచీన ఫ్రెంచిలో దోపిడికి ‘హావొ’ అనే మాట ఉండేది. దానిని బిగ్గరగా పలకడమే సైనికులకు సంకేతం. ఇంగ్లండు రాజులూ ప్రభువులూ నార్మన్ ఫ్రెంచిలో మాట్లాడుకునే కాలంలో ఆ మాట ‘హావక్’ అనే రూపంతో ఆ దేశపు సైన్యంలోకి ప్రవేశించింది.

ఈ పదం చరిత్రలో అన్నిటికంటె విలువైన సాక్ష్యం ఒక శాసనం. 1385లో ఇంగ్లండు రాజు రెండవ రిచర్డ్ స్కాట్లండు మీదికి దండెత్తి వెళుతూ, డర్హం పట్టణంలో తన సైన్యానికి కొన్ని యుద్ధ నియమాలు ప్రకటించాడు. వాటిలో ఒకటి ఈ కేకను గురించినది. ఎవడైనా సాహసించి ‘హావక్’ అని అరిస్తే వాడి తల తీయించబడుతుందని ఆ నియమం చెప్పింది. ఆ తరువాతి తరంలో ఫ్రాన్సు మీద యుద్ధం సాగించిన ఐదవ హెన్రీ కూడా ఈ నిషేధాన్ని మరణశిక్షతో సహా తన నియమాలలో నిలుపుకున్నాడు.

దోచుకున్న ప్రజలమీది జాలితోనే రాజులు ఈ నియమం చేశారని అనుకోనక్కరలేదు. దోపిడి ఆనాటి యుద్ధవ్యవస్థలో భాగం. సైనికుడు తనకు చిక్కిన సొత్తులో మూడవ వంతును తన నాయకుడికి ఇవ్వాలి. నాయకుడు తనకు చేరినదానిలో మూడవ వంతును రాజుకు సమర్పించాలి. అయితే యుద్ధం తేలకముందే ఎవడో ఒకడు ఆ కేక వేస్తే వరుసలు చెదురుతాయి. గెలిచే సైన్యం క్షణంలో గుంపుగా మారుతుంది. పొంచి ఉన్న శత్రువుకు అంతకంటె కావలసినది లేదు. అందువల్ల శిక్ష దోపిడికంటె ముందుగా ఆ మాటకే పడింది.

ఉద్దేశం ఏదైనా, ఆ నియమం ఒక సత్యాన్ని గుర్తించింది. గ్రామం తగలబడడానికి ముందు ఒక నోరు తెరుచుకుంటుంది. ఆ నోరు ఎవరిదో కనుక్కోవచ్చు. కనుక్కున్న తరువాత అతడిని విచారణకు నిలబెట్టవచ్చు. వినాశానికి ఒక ఆరంభమూ, ఆ ఆరంభానికి ఒక కర్తా ఉన్నారన్న ఎరుక ఆనాటి ‘హావక్’ అనే మాటలోనే ఇమిడి ఉంది.

రెండు శతాబ్దాల తరువాత కూడా ఈ ఎరుక పూర్తిగా చెరిగిపోలేదు. 1599 ప్రాంతంలో షేక్‌స్పియర్ రచించిన ‘జూలియస్ సీజర్’ నాటకంలో, హత్యకు గురైన సీజర్ దేహం పక్కన ఒంటరిగా నిలిచిన ఆంటొనీ రాబోయే అంతర్యుద్ధాన్ని ఊహిస్తాడు. సీజర్ ఆత్మ ప్రతీకారం కోరుతూ తిరిగివచ్చి ఈ కేక వేస్తుందంటాడు. ఆ కేక వేసే గొంతు రాజుగొంతు అని కవి ప్రత్యేకంగా చెప్పడం గమనించదగినది. అంతటి ఆజ్ఞ ఇచ్చే అధికారం సామాన్యుడికి లేదన్న పాత నియమం అక్కడ ప్రతిధ్వనిస్తుంది. అదే కవి ‘కొరియొలేనస్’ నాటకంలో మెనీనియస్ అనే వృద్ధుడు ప్రజానాయకులకు హితవు చెబుతాడు. అధికార పరిధిలో మితంగా వేటాడితే చాలినచోట ఈ కేక ఎత్తవద్దని ఆ హితవు సారాంశం. అంటే ఆ నాటి ప్రేక్షకుడికి ‘హావక్’ అన్నది హద్దు తీసివేసే మాటగా ఇంకా తెలుసు.

1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిలు అనువాదంలో సౌలు క్రైస్తవ సంఘాన్ని హింసించిన తీరును చెప్పడానికి ఈ మాటనే వాడారు. తెలుగు బైబిలు అక్కడ ‘పాడుచేయు’ అనే క్రియను వాడింది. ఇక్కడ కేక పోయింది. కాని కర్త మిగిలాడు. ఇంటింటా జొరబడి మనుషులను ఈడ్చుకుపోయినవాడు ఫలానావాడని వాక్యం స్పష్టంగా చెబుతుంది.

తరువాతి కాలంలో కర్త కూడా జారిపోయాడు. గాలి, వాన, మంచు, చీడ, ధరల పెరుగుదల ఒక్కొక్కటే ఆ క్రియకు కర్తృస్థానంలోకి వచ్చాయి. 20వ శతాబ్దంలో ఈ మాటకు తోడుగా స్థిరపడిన ‘రీక్’ అనే క్రియ చరిత్ర కూడా ఇటువంటిదే. పాత ఇంగ్లీషులో దానికి తరిమివేయడం, దండించడం, పగ తీర్చుకోవడం అనే అర్థాలుండేవి. పగ తీర్చుకోవడానికి మనిషే కావాలి. నేడు ఆ క్రియా, ఈ నామమూ కలిసి వాయుగుండానికి అంటిపెట్టుకొని ఉన్నాయి. ఆజ్ఞాపించిన నోరు మాయమై, విరిగిన కప్పులు మాత్రమే మిగిలాయి.

‘హావక్’ తన దోపిడి అర్థాన్ని పోగొట్టుకున్నాక ఆ ఖాళీ చాలావరకు భారతదేశపు మాటతో నిండింది. సంస్కృత ‘లుంట’ ధాతువునుంచి హిందీలో ‘లూట్’ వచ్చింది. అదే తెలుగులో ‘లూటీ’. 18వ శతాబ్దం చివర ఈ మాట ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల రాతల ద్వారా ఇంగ్లీషుకు చేరింది. 19వ శతాబ్దపు యుద్ధాలలో, ముఖ్యంగా చైనా యుద్ధంలోనూ 1857 తిరుగుబాటు కాలంలోనూ, అది ఆంగ్లేయ సైనికుల నిత్యవ్యవహారంలోకి వచ్చింది. యూల్, బర్నెల్ పండితులు 1886లో ప్రచురించిన ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువు ఈ ప్రయాణాన్ని నమోదు చేసింది.

ఈ మాట వెంట తెలుగుదేశపు అనుభవమూ కొంత ఉంది. 1816 మార్చిలో పిండారీ గుర్రపు దండ్లు గుంటూరు సీమమీద పడ్డాయి. పన్నెండు రోజులు నిండకముందే 339 గ్రామాలు దోపిడికి గురయ్యాయనీ, 182 మంది చంపబడ్డారనీ, 505 మంది తీవ్రంగా గాయపడ్డారనీ, 3,603 మంది చిత్రహింసలకు లోనయ్యారనీ కంపెనీ అధికారులు విచారించి లెక్క తేల్చారు. 1817–18 నాటి పిండారీ యుద్ధానికి ఈ లెక్కలు బలమైన కారణాలయ్యాయి. ఇక్కడ కాగితం తన పని చక్కగా చేసింది. ఎన్ని ఊళ్లు, ఎంతమంది మనుషులు, ఎవరి చేతిలో అన్న మూడు ప్రశ్నలకూ జవాబు రాసింది.

అయితే అదే కాగితం అన్ని సందర్భాలలోనూ అంత నిర్మొహమాటంగా లేదు. 1799 మేలో శ్రీరంగపట్టణం పడిపోయిన రాత్రి విజయం సాధించిన సైన్యం ఊరిని దోచుకుంది. ఆర్థర్ వెల్లెస్లీ కొందరిని ఉరితీయించి, మరికొందరిని కొరడాలతో కొట్టించి ఆ అలజడిని అణిచాడు. ఆ తరువాత టిప్పు సుల్తాను సింహాసనాన్ని ముక్కలు చేసి, ఖజానాతో పాటు హోదాల ప్రకారం పంచుకున్నారు. దానికి పెట్టిన పేరు ‘ప్రైజ్’. అనుమతి లేని దోపిడికి ఉరికొయ్య, అనుమతి ఉన్నదానికి వాటాల పట్టిక. 1385 నాటి నియమం నాలుగు వందల ఏళ్లకు కావేరీ తీరంలో అక్షరాలా అమలైందనవచ్చు. పరాయి దండు చేసినది లూటీ, సొంత దండు చేసినది ప్రైజ్ అయినప్పుడు, మాటను ఎంచుకోవడంలోనే తీర్పు ముగిసిపోతుంది.

ఇంగ్లీషు మాటకు జరిగినదాన్ని చూసి తెలుగు మాటలు దీనికి అతీతమని భ్రమపడే అవకాశం లేదు. నేడు ‘హావక్’కు దాదాపు స్థిరమైన సమానార్థకంగా తెలుగు పత్రికలు వాడే మాట ‘బీభత్సం’. తుపాను బీభత్సం, వరద బీభత్సం, ఏనుగుల బీభత్సం అన్న శీర్షికలు చూడని పాఠకుడు ఉండడు. ఈ మాట ప్రయాణం మరింత విచిత్రమైనది.

భరతుని నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది రసాలలో బీభత్సం ఒకటి. దానికి స్థాయిభావం జుగుప్స, వర్ణం నీలం, అధిదేవత మహాకాలుడు. జుగుప్స చూసేవాడి మనస్సులో పుడుతుంది. రణరంగంలో నెత్తురూ, తెగిన అవయవాలూ కారణమాత్రాలు. వాటిని చూసి ముఖం తిప్పుకున్న మనిషి హృదయమే దాని చోటు. అంటే మూలంలో ‘బీభత్సం’ విధ్వంసానికి పేరు కాదు, విధ్వంసాన్ని చూసి సహించలేకపోవడానికి పేరు. నేటి వాడుకలో ఆ చూసేవాడు తప్పుకున్నాడు. అసహ్యించుకోవలసిన మనస్సు తొలగిపోయి, అసహ్యానికి కారణమైన దృశ్యమే ఆ పేరును సొంతం చేసుకుంది.

ఈ పదానికి సోదరుడైన మరొక పేరు తెలుగు ఇళ్లలో ఇంకా బతికి ఉంది. ఉరుములు ఉరిమి పిడుగు పడుతుందన్న భయం కలిగినప్పుడు పిల్లలచేత అర్జునుడి పేర్లు పలికించడం ఈ నేలమీద పాత అలవాటు. అర్జున, ఫల్గుణ అని మొదలయ్యే ఆ పది పేర్లలో ‘బీభత్సు’ ఒకటి. మహాభారతం విరాటపర్వంలో, శమీవృక్షం దగ్గర బెదిరి నిలిచిన ఉత్తరుడికి బృహన్నల రూపంలోని అర్జునుడు తన పేర్ల అర్థాలను తానే వివరిస్తాడు. యుద్ధంలో జుగుప్స కలిగించే పని ఎన్నడూ చేయనివాడు కనుక తనకు బీభత్సుడని పేరు వచ్చిందంటాడు. దేశాలను జయించి ధనం తెచ్చినవాడు కనుక ధనంజయుడన్న పేరు కూడా ఆ పదింటిలోనే ఉంది. యుద్ధం చేయవచ్చు, గెలిచిన ధనం తేవచ్చు, కాని ఒక హద్దు దాటరాదు అన్న నియమాన్ని ఒకే వీరుడి రెండు పేర్లు పంచుకున్నాయి. ఉరుము వినిపించినప్పుడు ఆ హద్దు తెలిసినవాడిని పిలిచే భాషే, ఉరుము తగ్గిన మర్నాడు అదే ధాతువునుంచి వచ్చిన మాటతో తుపానును వర్ణిస్తోంది.

పూర్వుల ఆలోచనలో వినాశానికి కర్తలు ఇంత సులభంగా అదృశ్యం కాలేదు. ‘ఈతిబాధలు’ అన్న పలుకుబడి తెలుగులో సుపరిచితం. ఆ ఈతులు ఆరు. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలుకలు అన్న ఐదింటి తరువాత ఆరవదిగా పొరుగున చేరిన రాజులను లెక్కించారు. పంటను పాడుచేసేవాటిలో మిడతల దండుతో పాటు మనుషుల దండును చేర్చడానికి ఆ పట్టిక కూర్చినవారు సంకోచించలేదు.

కౌటిల్యుడు మరొక అడుగు ముందుకు వేశాడు. అర్థశాస్త్రంలో అగ్ని, వరద, వ్యాధి, దుర్భిక్షం మొదలైన దైవికమైన ఆపదలను చెప్పి, వాటినుంచి ప్రజలను కాపాడే భారాన్ని రాజుమీదనే ఉంచాడు. ఆపద దైవికమైనా రక్షణ దైవికం కాదని దాని అర్థం. మరొకచోట ప్రజలకు పరసైన్యం కలిగించే పీడ ఎక్కువా, స్వసైన్యం కలిగించే పీడ ఎక్కువా అని చర్చించాడు. సొంత సైన్యపు పీడను దాని నాయకులను పట్టి అణచవచ్చునని అతడి నిర్ణయం. డర్హంలో రెండవ రిచర్డ్ చేసిన నియమానికీ ఈ ఆలోచనకూ మధ్య సంబంధం లేకపోయినా సాదృశ్యం ఉంది. కర్త దొరికే వినాశం ఆపదగిన వినాశం.

తెలుగు వాక్యనిర్మాణం ఈ విషయంలో ఎంతో సూక్ష్మమైనది. ‘చెరువుకు గండి పడింది’ అనవచ్చు, ‘చెరువుకు గండి కొట్టారు’ అనవచ్చు. రెండు వాక్యాలలోనూ నీరు ఒకటే, మునిగిన మడి ఒకటే. మొదటి వాక్యం విన్న ఊరు నిట్టూరుస్తుంది. రెండవది విన్న ఊరు ‘ఎవరు’ అని అడుగుతుంది. అలాగే ‘కరకట్ట మరమ్మతు జరగలేదు’ అన్న వాక్యానికీ ‘కరకట్టను మరమ్మతు చేయలేదు’ అన్న వాక్యానికీ మధ్య ఒక్క క్రియ తేడా. మొదటిదానిలో మరమ్మతు తనంతట తానే జరగవలసినదై, ఏ కారణంచేతనో జరగక ఆగిపోయినట్టు ధ్వనిస్తుంది. కార్యాలయ భాషకు ‘జరుగు’ అన్న క్రియమీద ఉన్న ప్రీతి అందరికీ తెలిసినదే. అది వినయంగా కనిపిస్తుంది. చాలాసార్లు అది వినయం కాదు, తప్పించుకోవడం.

ప్రకృతి చేసిన ప్రతిదానికీ ఒక దోషిని వెతకాలని దీని అర్థం కాదు. గాలికి ఆజ్ఞ ఇచ్చేవాడు లేడు. 1977 నవంబరు 19న దివిసీమమీదికి సముద్రం పొంగి వచ్చినప్పుడు సుమారు 10,000 మంది ప్రాణాలు పోయాయి. ఆ ఉప్పెనను ఎవరూ పిలవలేదు. అయితే ఆ తరువాత కోస్తా గ్రామాలలో తుపాను రక్షణ భవనాలు లేచాయంటే, ఉప్పెన రావడం వేరు, దాని ముందు మనుషులు ఆశ్రయం లేకుండా మిగలడం వేరు అని పాలనాయంత్రాంగం గుర్తించిందన్నమాట. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని తాకిన పెనుతుపానులో దాదాపు 10,000 మంది మరణించారు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను తీవ్రతలో 1999 నాటిదానికి కొంత తక్కువే అయినా, అది కూడా చెట్లనూ, కప్పులనూ, స్తంభాలనూ పెకలించిన భీకరమైన తుపానే. తీరం దాటకముందే 10 లక్షలకు దగ్గరగా జనాన్ని సురక్షిత స్థలాలకు తరలించారు. మృతుల సంఖ్య వందలోపే ఆగింది.

రెండు తుపానులకూ పత్రికలు పెట్టిన పేరు ఒకటే. కాని మధ్యలో ఏదో మారింది. ఎవరో ముందుగా హెచ్చరికను చదివారు. ఎవరో సకాలంలో సంతకం చేశారు. ఎవరో ఊరూరా తిరిగి కదలనన్న ముసలివారిని బతిమాలి బస్సు ఎక్కించారు. వినాశం జరిగినప్పుడు కర్తను దాచే భాష, వినాశం తప్పినప్పుడు కూడా కర్తను దాచుతుంది. ‘ప్రాణనష్టం పెద్దగా జరగలేదు’ అన్న వాక్యంలో ఆ చదివినవారూ, సంతకం చేసినవారూ, బతిమాలినవారూ కనిపించరు. బాధ్యతను కప్పిపుచ్చే వాక్యమే సేవను కూడా కప్పివేస్తుందన్న సంగతి నివేదికలు రాసేవారు గుర్తించవలసి ఉంది.

పదాల అర్థాలను శాసనాలతో వెనక్కి తిప్పడం సాధ్యం కాదు. ‘హావక్’ మళ్లీ యుద్ధపు కేక కాబోదు. ‘బీభత్సం’ పత్రికా శీర్షికను విడిచి రంగస్థలానికి తిరిగి వెళ్లబోదు. వెళ్లనక్కరలేదు కూడా. అర్థాలు మారడం భాషకు జీవలక్షణం. అయితే మారిన మాట వెనుక పాత ప్రశ్న ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. తల తీయిస్తానన్న రాజు అడిగినది దాన్నే, ఈతులలో రాజులనూ లెక్కించిన పండితుడు అడిగినదీ దాన్నే. ఏ జిల్లా కేంద్రంలోనైనా తుపాను వెలిసిన మూడవ రోజున నష్టాల పట్టిక తయారవుతుంది. కూలిన ఇళ్లు, మునిగిన ఎకరాలు, కొట్టుకుపోయిన పశువులు అందులో వరుసగా గడులలో చేరతాయి. ఆ పట్టికలో మరొక గడి గీసి, తెగిన కట్టను చివరిసారి ఎవరు, ఎప్పుడు చూశారో రాయగలిగితే, ఆ మాట ఆరు వందల ఏళ్లకు పైగా వెంట తెచ్చిన ప్రశ్నకు జవాబు మొదలైనట్టే.